క్రిస్టీ పోయిన కారవాన్

“మొగుడు పోయిన బండిలో నీకు నిద్రెలా పడుతోందే?”

విన్నీ మాంగన్‌ని ఈ మాట అడిగింది ఆమె ఆడపడుచు పెగ్. ఐర్లండ్‌లో గాల్వే ఊరు దాటాక పాత రోడ్డు పక్కన, మంట చుట్టూ కూర్చున్న మా అందరి ముందూ అడిగింది. విన్నీ కప్పుల్లోకి టీ వంచుతోంది. తల ఎత్తలేదు.

“పడుతుంది వదినా. పగలంతా నీ తమ్ముడి పిల్లల వెనక పరిగెత్తితే నీకూ పడుతుంది.”

ఊరూరా తిరిగి బతికే మా ట్రావెలర్లలో మనిషి పోతే అతను పడుకున్న కారవాన్‌నీ, అంటే లారీకి తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇంటినీ, బట్టల్నీ, తాగిన కప్పునీ తగలబెట్టాలి. లేకపోతే వాటి కోసం తిరిగొస్తాడంటారు. గుడారాల కాలంలో ఇది పెద్ద నష్టం కాదు. నాలుగు కర్రలు వంచి పైన గుడ్డ కప్పితే ఇంకో గుడారం. కారవాన్ అలా కాదు, వాయిదాల మీద వస్తుంది. ఊపిరితిత్తుల జబ్బుతో విన్నీ మొగుడు క్రిస్టీ పోయేనాటికి సగం వాయిదాలు మిగిలే ఉన్నాయి. అప్పు తీరకుండా దాన్ని అమ్మే హక్కు విన్నీకి లేదు. తగలబెట్టే హక్కు అసలే లేదు. నలుగురు పిల్లలకీ తలదాచుకోను వేరే నీడా లేదు. అందుకని ఆమె పరుపు మార్చి, గోడలు కడిగి, అందులోనే ఉండిపోయింది.

మా బతుకు గాలిలాంటిదని, స్వేచ్ఛ అంటే మాదేనని ఇళ్ళున్నవాళ్ళు రాస్తుంటారు. వాళ్ళు ఒక్క సాయంత్రం ఆ మంట దగ్గర విన్నీ పక్కన కూర్చోవాల్సింది.

ఆమెనెవరూ తిట్టలేదు. మా దగ్గర పాడినవాళ్ళు పాట అయ్యాక తర్వాత ఎవరు పాడాలో పేరు పెట్టి పిలుస్తారు. పిలవకుండా పాడటం సిగ్గుమాలిన పని. విన్నీది కాస్త బొంగురు గొంతు. పొడుగాటి పాత కథాగీతాలు ఆమె ఎత్తుకుంటే బాంజో వాయించేవాడు తనంతట తనే ఆపేసేవాడు. క్రిస్టీ పోయాక ఆమె పేరు ఎవరి నోటా రాలేదు.

మిగతావన్నీ మామూలే. ఇనుప తుక్కు ధర పడిపోవడం, కుక్కల పందేలు, ఒకరినొకరు దెప్పుకోవడం.

“ఆ మౌతార్గన్ ఆపరా జిమ్సీ. నీ గుర్రం కూడా మొహం తిప్పేసుకుంది,” అన్నాడు ముసలి మైలీ.

“దానికేం తెలుసు బాబాయ్? నీ దగ్గర కొన్నదేగా. అప్పటికే దానికి ఒక చెవి వినపడదు,” అన్నాడు క్రిస్టీ తమ్ముడు జిమ్సీ.

అందరూ నవ్వేవాళ్ళు, విన్నీ కూడా. తర్వాత పాట ఆమెకు ఈ పక్కన ఉన్న మనిషి నుంచి ఆ పక్కన ఉన్న మనిషికి వెళ్ళేది.

అదీ ఓర్చుకుంది. చివరికి ఆమె చిన్నకూతురు నోరా కారవాన్ ఎక్కనని మొండికేసింది. “నాన్న ఇంకా లోపలే ఉన్నాడట. పెగ్ అత్త పిల్లలు చెప్పారు,” అని లారీ ముందు సీట్లో ముడుచుకుంది. ఇంకో పిల్లా అదే దారి పట్టింది.

ఒక సాయంత్రం విన్నీ పిల్లల బట్టలు గడ్డిలో పెట్టి జిమ్సీ దగ్గరికి వచ్చింది.

“డీజిల్ డబ్బా ఇలా ఇవ్వు.”

“మరి అప్పో, వదినా?”

“అది నాతోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. నువ్వు డబ్బా ఇవ్వు.”

అప్పుడు ఎవరైనా ఆమె చెయ్యి పట్టుకుని ఆపి ఉండాల్సింది. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోనివాళ్ళలో నేనూ ఉన్నాను. ప్లాస్టిక్ గోడలు చెక్కలా కాలవు. నల్లగా, కంపు కొడుతూ కరిగిపోతాయి. పెగ్ ఏడుస్తూ వచ్చి మరదలిని కావలించుకుంది. మంట దగ్గర తన పాట పాడి, “ఇప్పుడు మా విన్నీ,” అంది. విన్నీ పాడింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. అందరూ మెచ్చుకున్నారు. ఏ కారవాన్‌లోనూ ఐదుగురికి చోటు లేదు కాబట్టి పిల్లల్ని బండికొకరుగా పంచుకుని పడుకోబెట్టారు.

అదే వారంలో పోలీసులు వచ్చారు. తెల్లారేసరికి కదలకపోతే బండ్లు పట్టుకుపోతామన్నారు. ఊరి కౌన్సిల్ వాళ్ళు, మళ్ళీ ఎవరూ దిగకుండా, ఆ చోట అడ్డంగా వేయడానికి పెద్ద బండరాళ్ళు కూడా తెచ్చారు. అందరూ కారవాన్లు తగిలించుకుని కదిలారు. విన్నీకి తగిలించుకోవడానికి ఏమీ లేదు.

“చోటు దొరగ్గానే కబురు పెడతాంలే,” అంది పెగ్ లారీ కిటికీలోంచి.

ఎక్కడా రెండు వారాలు నిలవనివ్వని చోట చోటు దొరకడమనేది ఉత్త మాట. అది పెగ్‌కీ తెలుసు. విన్నీ ఇప్పుడు గాల్వేలో, ఇల్లు లేనివాళ్ళ కోసం కౌన్సిల్ వాళ్ళు నడిపే హాస్టల్‌లో నలుగురు పిల్లలతో ఒకే గదిలో ఉంటోంది. అగ్గిపుల్ల గీసినా అలారం మోగుతుంది. ఒకసారి పిల్లలకు పాడబోతే పక్క గదివాళ్ళు గోడ బాదారు. మళ్ళీ పాడలేదు.

కారవాన్ అమ్మిన వ్యాపారికి ఆమె ఇంకా నాలుగు వేల రెండు వందల యూరోలు బాకీ.