పేరు పిలవనివ్వని తెప్పాయన

ఏటూరునాగారం దగ్గర గోదావరి మీద వెదురు తెప్ప నడిపే పెద్దాయన ఒకడుండేవాడు. డెబ్బైల చివర్లో నేనూ మా బావమరిదీ మా ఊరి కొత్తవాడలో నేసిన జంపఖానాల మూటలతో అవతలి సంతకు ఆయన తెప్ప మీదే వెళ్లేవాళ్లం. రాళ్ల మధ్య నీళ్లు నురగలు కక్కుతూ దూకే చోటు రాగానే ఆయన పెదవుల మీద వేలు పెట్టుకునేవాడు.

"ఈడ ఎవల పేరు ఎవలు పిలువొద్దు బిడ్డా. గంగ ఇంటది. ఇన్నదంటే తనూ పిలుస్తది."

మా బావమరిది కొత్తవాడలో దగ్గితే ఊరి అవతల ఖిలా కోటలో కోళ్లు లేచేవి. అలాంటివాడూ అక్కడ నోరు కుట్టేసుకునేవాడు. ఒక వానాకాలం మాత్రం తెప్ప రాయికి కొట్టుకుని ఒరిగి, నేను నడుం దాకా నీళ్లలోకి జారాను. వాడు హడలిపోయి నా పేరు పెట్టి అరిచాడు.

నీళ్ల హోరు ఠక్కున ఆగిపోయింది. అడుగు నుంచి, వాడి గొంతుతోనే, నా పేరు మెల్లగా వినిపించింది. పలకడానికి నా నోరు దానంతటదే తెరుచుకుంది. పెద్దాయన నన్ను పైకి లాగి, అరచేత్తో నా నోరు మూసి, నీళ్ల మీదకు వంగాడు.

"ఆ, నేనే. జర ఆగు, వీళ్లను దించి వస్త."

హోరు మళ్లీ మొదలైంది. అవతలి ఒడ్డున మా మూటలు దించి, ఆయన ఖాళీ తెప్పను వెనక్కి తోశాడు.

"ఏడికి పోతానవే తాతా?" అని బావమరిది ఏడుపు గొంతుతో అడిగాడు.

"మాటిచ్చిన గద బిడ్డా. ఫికర్ జెయ్యకున్రి."

తాతా, తాతా అని ఎంత అరిచినా తిరిగి చూడలేదు. తెప్ప నురగల్లోకి పోతుంటే, ఉండబట్టలేక నా పేరే పెట్టి పిలిచాను.

"ఆ" అని పలికాడు.