రేచల్ ఆంటీ బీరువాలో వెండి కప్పు

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా ఆ శుక్రవారం పేజీ ఖాళీగానే ఉంది. రాస్తే కల్పించినట్టుంటుందేమోనని... కానీ మా అమ్మ మీద ఒట్టు, జరిగింది.

అప్పుడు పరాయి దేశంలో, బెడోక్ అనే పేటలో రేచల్ ఆంటీ ఫ్లాట్‌లో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. ఆంటీ యూదురాలు, పెద్దావిడ. శుక్రవారం పొద్దుగూకితే వాళ్లకు విశ్రాంతి దినం మొదలు, ఇక స్విచ్ ముట్టుకోదు. వేయమని నన్ను అడగకూడదు కూడా. అందుకని గోడకేసి చూస్తూ, "ఈ వంటిల్లు చాలా చీకటి లా" అనేది, అక్కడి అలవాటుగా మాట చివర 'లా' చేర్చి. నేను లేచి లైటు వేసేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

హాల్లో అద్దాల బీరువా. అందులో రెండు పిడుల పాత వెండి కప్పు. ఆంటీ ముత్తాత లాయరట. ఎక్కడో దూరపు ఊళ్లో యూదుల మీద లేని నేరం మోపి, ఇళ్లు తగలబెట్టి, మగవాళ్లను జైల్లో పెడితే, ఆయన ఓడెక్కి వెళ్లి, కోర్టులో వాదించి విడిపించారు. ఆ కుటుంబాలు తమ పేర్లు చెక్కించి ఇచ్చిన కానుక అది. "ఇంట్లో ఇంతమందున్నారు గర్ల్, ఒక్కరూ గిన్నెలు కడగరు" అని ఆంటీ జోకు.

ఆ శుక్రవారం రాత్రి వాన. గదిలో పుస్తకం చదువుకుంటున్నాను. ఎవరూ పిలవకుండా గది దాటే అలవాటు నాకు లేదు.

టింగ్...

చెంచా గ్లాసుకు తగిలినట్టు. పక్క ఫ్లాటేమో అనుకున్నాను.

టింగ్... టింగ్...

కాదు. మా హాల్లోనే.

తలుపు తీశాను. చీకటి. అరికాళ్ల కింద చల్లటి నేల. బీరువా దగ్గరికి వెళ్లాను. తాళం వేసే ఉంది. అద్దం మీద అరచెయ్యి పెట్టాను... అద్దం సన్నగా వణుకుతోంది. జ్వరంతో ఉన్న పిల్లవాడి వీపులా. లోపల కప్పు మీద పేర్లు... కదిలాయో, నా కళ్లే కదిలాయో.

ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో వినిపించింది. వంటింట్లోంచి... చిన్న ఊపిరి.

వంటింట్లోకి వెళ్లి లైటు వేశాను. ఆంటీ నేల మీద. కాలు మెలిపడి ఉంది. పెదాలు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. మెడలో దారానికి బీరువా తాళంచెవి.

అంబులెన్స్ వచ్చేదాకా ఆవిడ తల నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఆవిడను తాకను కూడా లేదు. జుట్టులో కొబ్బరినూనె వాసన... మా అమ్మమ్మ దగ్గర వచ్చేదే.

తెల్లారేదాకా అలాగే ఉండుంటే దక్కేది కాదన్నారు డాక్టరు. కొన్నాళ్లు దక్కింది. లండన్ నుంచి కూతురు వచ్చింది, చెయ్యి పట్టుకుంది, తల్లీకూతుళ్లు తనివితీరా మాట్లాడుకున్నారు.

ఆ చప్పుడు వాన వల్లనో, కింద లారీ ఏదైనా వెళ్లిందో... ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. చివరిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు సిగ్గు విడిచి అడిగేశాను. "ఆంటీ, ఆ రాత్రి నన్ను పిలిచింది మీరేనా?"

ఆవిడ కళ్లు మూసుకునే నవ్వింది.

"శుక్రవారం నేను అడగకూడదు కదా, గర్ల్... నా బదులు ఆ కప్పు మీదివాళ్లు అడిగుంటారు లా."