ఫోను లేదన్న ఇళ్ళు

హుకుంపేట పైన కొండ ఊళ్ళలో సుజానాని అందరూ "అడిగే గుంట" అనేవారు, అడిగే పిల్ల అని. వయసు ముప్పై దాటినా ఆ పేరు పోలేదు. ఆమె పని అలాంటిది మరి. సంచీలో కాగితాలు పెట్టుకుని గడప గడపకీ వెళ్ళి అడగడమే.

మిషన్ హాస్టల్లో ఇంటర్ దాకా చదివి, తల్లి సవరమ్మతో కలిసి రాజ్మా చేలో పని చేసుకుంటున్న రోజుల్లో విశాఖపట్నం నుంచి రవికుమార్ అనే సూపర్‌వైజరు వచ్చాడు. కొండల్లో ఎన్ని ఇళ్ళలో రేడియో ఉంది, ఎవరు వింటారు, ఏ వేళ వింటారు అని ఓ కంపెనీ కోసం లెక్కలు తీయాలన్నాడు. తెలుగుతో పాటు కువి, ఒడియా మాట్లాడగలిగే మనిషి కావాలంటే పాస్టరు గారు సుజానాని చూపించారు. అది తొంభై ఏడో సంవత్సరం.

మొదట్లో ఆమెని చూడగానే రేడియోలు దాచేసేవారు. పన్నేదో వేస్తారని భయం. సుజానా తొందరపడేది కాదు. రాజ్మా పిక్కలు ఒలుస్తుంటే తానూ కూచుని ఒలిచేది, అంబలి ఇస్తే తాగేది. కాసేపటికి మంచం కింది నుంచి రేడియో దానంతటదే బయటికొచ్చేది. తర్వాత టీవీలు వచ్చాయి, వాటి వెనకే ఇంటి కప్పుల మీద డిష్ గొడుగులు, సీడీలు. ఏటా ఒకసారి రవికుమార్ అరకులో కంప్యూటరు మీద గీసిన బొమ్మలు చూపించేవాడు. ఎక్కడా ఎవరికీ పట్టని తన ఊళ్ళు ఆ కాగితం మీద రంగు గీతలై పైకి ఎక్కుతుంటే సుజానాకి లోలోపల సంతోషంగా ఉండేది.

సెల్‌ఫోను వచ్చాక ఆ గీత మరీ నిటారుగా లేచింది. ఆ ఊళ్ళలో మొదట కొన్నవాడు బుధు. కాఫీ, మిరియాలు పండించేవాడు. షావుకారు కొండ ఎక్కి వచ్చేలోపే అరకులో ధర ఎంతో కనుక్కునేవాడు. ఊళ్ళో సిగ్నలు ఉండేది కాదు. పైనున్న బండ మీదికెక్కితే అందేది. సాయంత్రమయ్యేసరికి ఆ బండ మీద నలుగురైదుగురు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడి ఉండేవారు. తన పేరు కాగితం మీద రాస్తుంటే బుధు పక్కనే నిలబడి చూసేవాడు. నంబరు అడగకముందే గడగడా చెప్పేవాడు. అతని భార్య కనక నవ్వేది, పిల్లల పేర్లు మరిచిపోతాడు గానీ ఆ అంకెలు మరిచిపోడని.

రెండు వేల ఎనిమిది నాటికి ఫోను లేని వీధి లేదు. కంపెనీ ఇంకా వివరాలు కావాలంది. ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, రోజుకి ఎన్నిసార్లు మాట్లాడతారు, సిగ్నలు ఎక్కడ నిలబడితే వస్తుంది. సుజానా అన్నీ రాసి ఇచ్చింది.

ఆ ఏడే రోడ్డు పక్క కొండ మీద కొత్తగా లేచిన టవరుని ఎవరో తగలబెట్టారు. అడవిలోవాళ్ళేనని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. కాలిన ఇనుము వాసన వారం రోజులు లోయలో నిలిచిపోయింది. అప్పటి నుంచి బండ మీదికి ఎక్కేవాళ్ళు తగ్గారు. ఎక్కినవాళ్ళు కూడా ముందు వెనక్కి చూసి ఎక్కేవారు.

సంతలో సుజానా ఎండుచేపలు బేరమాడుతుంటే ఒకతను పక్కకొచ్చి నిలబడ్డాడు. మాసిన తువ్వాలు, మామూలు మనిషి. చేపల వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఫోన్లు లెక్కెడతన్నది నువ్వే కదా సెల్లీ?"

అవునంది.

"ఏ ఇంట్లో ఉన్నాదో ఏ ఇంట్లో నేదో నీకు తెలిసినట్టు ఇంకెవులికీ తెల్దు."

"రాసి ఇచ్చేత్తానన్నా. నా కాడ ఏటీ ఉండదు. మరిసిపోతాను."

"మరిసిపోడం మంచిది కాదు," అన్నాడతను మెత్తగా. ఉత్తినే అడిగానని చెప్పి, చేపలు కొనకుండానే జనంలో కలిసిపోయాడు.

తర్వాతి వారం పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక అధికారి ఆమెకి కుర్చీ వేయించి టీ ఇప్పించాడు. ఊరి పిల్లవని, చదువుకున్నదానివని మెచ్చుకున్నాడు. అడవిలోవాళ్ళకి ఫోన్లు అందుతున్నాయి కాబట్టి ఏ ఇంట్లో ఎన్ని ఉన్నాయో తెలిస్తే అందరికీ మంచిదన్నాడు. ఆమె అదే జవాబు చెప్పింది. ఆయనా ఉత్తినే అడిగానన్నాడు. బయటికొచ్చాక సుజానా బస్సు ఎక్కకుండా ఇంటిదాకా నడిచింది. నడుస్తున్నంతసేపూ సంతలో మనిషి గొంతూ ఈయన గొంతూ ఒకటే అయి వినిపించాయి.

ఇకమీదట పేర్లు రాయనని రవికుమార్‌కి చెప్పింది. పేరూ నంబరూ లేకపోతే నువ్వు నిజంగా వెళ్ళావో లేదో ఆఫీసువాళ్ళు సరిచూసుకోవడం ఎలా అన్నాడతను. ఆ కాగితాలు చివరికి ఎవరి చేతికి వెళ్తాయని అడిగింది. కంప్యూటర్లో ఎక్కిస్తారని మాత్రం తెలుసన్నాడు. ఆ తర్వాత సంగతి అతనికీ తెలియదు.

సుజానా బుధు ఇంటికి వెళ్ళింది. ఫోను తీసేయమంది, కొన్నాళ్ళు ఎక్కడైనా పడేయమంది. బుధు కాఫీ పళ్ళు ఎండలో పరుస్తూ విన్నాడు. పోయినేడు చిన్నదానికి జ్వరమొచ్చి కళ్ళు తేలేస్తే బండ మీదికెక్కి జీపుకి ఫోను చేసిన సంగతి గుర్తుచేశాడు.

"దొంగతనం సేసి తెచ్చినానా ఏటి సెల్లీ, దాసుకోడానికి?" అన్నాడు.

కనక వాకిట్లోకి వచ్చి దారి వైపు చూసి మళ్ళీ లోపలికెళ్ళింది.

పట్టపగలే వచ్చారు అడవిలోవాళ్ళు. బుధు కాఫీ ఎండబోస్తున్నాడు. నంబరు అడిగితే ఎప్పటిలాగే గడగడా చెప్పేశాడు. ఫోను తీసుకుని అందులోని పేర్లు ఒక్కొక్కటే చూశారు. ఒక షావుకారు నంబరు దగ్గర ఆగారు. ఆ షావుకారు బావమరిది హోంగార్డు. పోలీసులకి కబుర్లు చేరవేస్తున్నాడని బుధుని నడిపించుకుపోయారు. నాలుగు రోజుల తర్వాత వదిలేశారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూచున్నాడో లేదో, జీపులో స్టేషన్‌వాళ్ళు వచ్చారు. నిన్ను ఎక్కడికి తీసుకెళ్ళారు, ఏం అడిగారు, ఎందుకు ప్రాణాలతో వదిలారు అని వీళ్ళు పట్టుకెళ్ళారు. రెండోసారి తిరిగి వచ్చేసరికి అతని కుడిచెయ్యి పైకి లేవడం మానేసింది. కాఫీ కళ్ళంలోనే ముక్కిపోయింది. ఒకరోజు ఇల్లు తాళం వేసి ఉంది. కనక పుట్టింటివైపు, పాచిపెంట వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు తలుపు సందులోంచి చెప్పారు.

తన కాగితమే పట్టించిందా, షావుకారు నోరు పట్టించిందా, బండ మీద మాటలు ఎవరైనా విన్నారా అన్నది సుజానాకి తెలియలేదు. చెప్పగలిగేవాళ్ళు ఎవరూ లేరు.

తర్వాతి ఏటి సర్వే మొదలైంది. మానేస్తే అనుమానిస్తారు. వెళ్ళింది. మొదటి ఇంట్లో రాజులమ్మ అనే ముసలామె చేటలో సామలు చెరుగుతోంది. ఫోనుందా అని అడగ్గానే నేదమ్మా అంది. ఆ మాట పూర్తి కాకముందే గదిలో ధాన్యం గాదెలోంచి ఫోను అలారం మోగింది. ఏదో సినిమా పాట. రాజులమ్మ చేట ఆగింది. సుజానా కలం ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూచున్నారు. పాట మొత్తం మోగి ఆగిపోయింది.

"నేదు," అంది రాజులమ్మ మళ్ళీ.

సుజానా లేదు అని రాసింది. వీధి చివరిదాకా ప్రతి ఇంటికీ అదే రాసింది. పక్క ఊళ్ళోనూ అదే. కొన్ని ఇళ్ళలో అసలు అడగనే లేదు. గడపలో కూచుని, వాళ్ళు ఇచ్చిన నీళ్ళు తాగి, వాళ్ళు చూస్తుండగానే రాసి లేచింది. ఎవరూ ఆమెకి కృతజ్ఞత చెప్పలేదు. ఆమె కాగితం మడిచే వరకూ చూసి, తలుపు వేసుకునేవారు.

రవికుమార్ స్వయంగా వచ్చాడు. సవరమ్మ వేసిన పీట మీద కూచుని, కొత్త బొమ్మ తీసి చూపించాడు. రాష్ట్రమంతా గీత పైకి పోతోంది. ఈ కొండల దగ్గర మాత్రం బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

"ఇంట్లో కూచుని రాశావనుకుంటున్నారు మా వాళ్ళు. నిజం చెప్పు సుజానా."

"ఇల్లిల్లూ తిరిగినాను సార్. ఆళ్ళు సెప్పిందే రాసినాను."

అతనికి అర్థమైందో లేదో గానీ, బొమ్మ మడిచి లేచాడు. కాగితాల సంచీ మాత్రం తీసుకుపోయాడు. తర్వాతి ఏడు ఆ పనికి పట్నం నుంచి వేరేవాళ్ళు వచ్చారు. సుజానా మిషన్ హాస్టల్లో పిల్లలకి వంట చూసే పనిలో చేరింది.

ఒక ఎండాకాలం సెలవుల్లో పాచిపెంట వెళ్ళింది. ఊరి బయట జీడిమామిడి తోటకి కాపలా ఉంటున్నారు బుధు వాళ్ళు. కనక బాగా చిక్కిపోయింది. నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి బుధు ఉన్నాడా అని అడిగిపోతారని, ఏ వైపువాళ్ళో చెప్పరని గొంతు తగ్గించి చెప్పింది. బుధు చెట్టుకి ఆనుకుని ఎడమచేత్తో జీడిపిక్కలు ఏరుతున్నాడు. పలకరిస్తే తలూపాడు. దారిన పోతున్నవాడి జేబులో ఫోను మోగితే అతని వేళ్ళు ఆగిపోయాయి. మనిషి దాటిపోయాక మళ్ళీ కదిలాయి.

సుజానా బయలుదేరుతుంటే అప్పుడు నోరు విప్పాడు.

"ఈ పక్కన కూడా లెక్కెడతన్నారేటి సెల్లీ?"

అబద్ధం చెప్పాలనుకుంది. వచ్చేటప్పుడు జీపులో తన పక్కనే కూచున్న ఇద్దరు కుర్రాళ్ళ మెడల్లో కార్డులు, ఒళ్ళో కాగితాల సంచీలు చూసింది. పాచిపెంటలోనే దిగారు వాళ్ళు.

"ఎడతన్నారన్నా," అంది.

బుధు తలదించుకుని పిక్కలు ఏరసాగాడు. కనక లోపలికెళ్ళింది. గిన్నెలు సర్దుతున్న చప్పుడు సుజానాకి దారి దాకా వినబడింది.

వానలు పడకముందే వాళ్ళు అక్కడి నుంచి కూడా వెళ్ళిపోయారని సవరమ్మ చర్చిలో విని వచ్చింది. ఎటు వెళ్ళారో ఎవరూ చెప్పలేదు. సుజానా అడగలేదు.