బావ పాట ఆపించిన రోజు

ఎనభైల మొదట్లో నర్సీపట్నంలో నాకో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళూ పాస్‌పోర్టు సైజులూ తీసి తీసి విసుగెత్తి, అడవిలో ఎలుగుబంటిని ఫోటో తీయాలన్న పిచ్చి పట్టుకుంది నాకు. గొలుగొండ దాటి కొండదారుల్లో చాలాసార్లు తిరిగాను. దొరికినవల్లా తవ్వేసిన పుట్టలూ, పాదాల గుర్తులూ.

మా అక్క భర్త కొండ సంతలకు గుడ్డల మూట మోసుకెళ్ళి అమ్మేవాడు. దారి పొడవునా గొంతెత్తి చర్చి పాటలు పాడేవాడు. భక్తి కొంత, భయం కొంత. ఎలుగుకి చూపు సరిగా ఆనదు. పుట్టలో మూతి పెట్టి చెదలు పీల్చుకుంటుంటే మనిషి పక్కకొచ్చినా దానికి తెలియదు. హఠాత్తుగా ఎదురుపడితే బెదిరి మీద పడుతుంది. అలికిడి దూరం నుంచే వినబడితే తనే తప్పుకుంటుంది. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే ఇది. నాకు తెలియదని చెప్పుకోలేను.

ఆ రోజు పొద్దున్నే కృష్ణదేవిపేట దగ్గర కొండెక్కుతూ బావను బతిమాలాను.

"ఇయ్యాల పాడకు బావా. ఎలుగు పారిపోద్ది."

"పారిపోవాలనే కదరా పాడతన్నాను," అని నవ్వాడు.

"ఒక్క ఫోటో బావా. కాసేపు నోరు కట్టేసుకో."

నా మాట తీసేయలేక ఊరుకున్నాడు. బావమరిదంటే అంత ముద్దు ఆయనకు. మూటతో ఆయన ముందు, కెమెరాతో నేను వెనక. మలుపు తిరగగానే పుట్ట పక్క నుంచి నల్లగా లేచి ఆయన మీద పడింది. నేను ముందు కెమెరా ఎత్తాను. కేకలు పెట్టాలన్నది ఆ తరవాతే గుర్తొచ్చింది. నా కేకలకు అది పొదల్లోకి పోయింది గానీ, అప్పటికే బావ చెంపా పెదవీ చీలిపోయాయి.

మోసుకుంటూ కిందికి దించి, దొరికిన జీపులో నర్సీపట్నం ఆసుపత్రికి చేర్చాను. అక్క వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

"నువ్వుండబట్టి బతికేడురా తమ్ముడూ."

ఎలా జరిగిందని అడిగితే కుట్ల మధ్య నుంచి బావే చెప్పాడు. "నానే... పాట మర్సిపోనాను."

అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయానని రాయడం తేలిక. చావలేదు, అక్క ఫ్లాస్కులోంచి పోసిచ్చిన టీ తాగాను.

గాయం మానింది గానీ పెదవులు కలవలేదు. మాట గాలిగా పోయేది, పాట అసలు వచ్చేది కాదు. మళ్ళీ సంతలకు బయల్దేరే ముందు అక్క, ఎద్దు మెడకు కట్టే గంట ఒకటి తెచ్చి నాకిచ్చింది.

"మూటకి నీ సేత్తోనే కట్టు తమ్ముడూ. నీ సెయ్యి మంచిది."

కట్టాను. బావ మూట భుజానికెత్తుకుని, నావైపు చూడకుండా, గంట మోగించుకుంటూ వెళ్ళిపోయాడు.