పక్క సీటు లేని బండి

ఆ డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద "ఆడవారికి ఆడవారిచేతే శిక్షణ" అని ఎర్రటి అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ ఆడవారు ఎవరో కాదు, స్కూలు నడిపే ఆయన చెల్లెలు. ఆమె ఎవరికీ ఏమీ నేర్పింది లేదు. అమ్మాయిలు కారు నేర్చుకుంటామని వస్తే, పరాయి మగవాడి పక్కన ఒంటరిగా ఎలా కూర్చోబెడతామని ఇంట్లోవాళ్ళు నసుగుతారు. వాళ్ళ నోరు మూయించడానికి వెనక సీట్లో ఒక ఆడమనిషి ఉండాలి. పదేళ్ళకు పైగా ఆ ఆడమనిషి ఆమే. లైసెన్సు కూడా అన్న అందుకే ఇప్పించాడు, బోర్డు సంగతి ఎవరైనా అడిగితే చూపించడానికి.

వెనక కూర్చుని ఆమె చూసిందల్లా రెండు వీపులు. ఒకటి నేర్చుకునేవాళ్ళది, భయంతో బిగుసుకుపోయి ఉండేది. రెండోది అన్నది, కారంతా తనదే అన్నట్టు వాలిపోయి ఉండేది. అన్న కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉండేది. నేర్పే కార్లలో అది మామూలే. నేర్చుకునేవాళ్ళు తడబడితే పక్కనున్నవాడు బండి ఆపడానికి పెడతారు. అన్న మాత్రం ఎదురుగా పిల్లి వచ్చినా తొక్కేవాడు, రాబోతుందేమో అనిపించినా తొక్కేవాడు. ఇంట్లో భోజనానికి కూర్చున్నప్పుడు ఎవరి మాటైనా నచ్చకపోతే బల్ల కింద కూడా ఆయన కాలు కదిలేది.

ఆ ఇంటి ముందుగదే స్కూలు ఆఫీసు. రాత్రి ఆమె పడుకునేదీ అక్కడే. పొద్దున్నే లేచి పక్కబట్టలు చుట్టి మూల పడేయకపోతే, దరఖాస్తుల కోసం వచ్చినవాళ్ళు ఆమె మంచం మీదే కూర్చునేవాళ్ళు. ఒకసారి ఒక పెద్దమనిషి ఏకంగా దిండు మీదే చతికిలపడి పేపరు చదువుకున్నాడు. లేవమనడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ గదికి వీధి వైపు షట్టరు, వంటింటి వైపు ఉత్త గుమ్మం. మూసుకోవడానికి ఆమెకంటూ ఒక తలుపు లేదు.

అలాంటి మనిషి ఒకనాడు భోజనాల దగ్గర, "నేనో చిన్న వ్యాను కొనుక్కుంటున్నాను," అంది. "లోపలే పడుకోవడానికి వీలుండేది. ఊళ్ళు తిరగడానికి."

వదిన గరిటె గాల్లోనే ఆగిపోయింది. "ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

అన్న ముందు నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి మొహం మాడ్చుకున్నాడు. "ఒక్కదానివే? రోడ్ల మీద పడుకుంటావా, కొంపాగోడూ లేనిదానిలా? నలుగురూ ఏమనుకుంటారు? చెల్లెల్ని బయటికి గెంటేశాడనుకోరూ?"

"గెంటలేదని చెప్తాను."

"ఎదురు మాటలొకటి! మరి ఆఫీసు ఎవరు తెరుస్తారు? ఆడపిల్లలొస్తే వెనకాల ఎవరు కూర్చుంటారు? మీ వదినా?"

"నాకు నడుంనొప్పి," అంది వదిన క్షణం ఆలస్యం చేయకుండా.

ఆ తరవాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడుకున్నాయి. డబ్బు ఆమె దాచుకున్నది, ఆమె పేరు మీదే ఉన్నది. ఆపడానికి అన్నకు దారి దొరకలేదు. చివరికి ఒక పొద్దున ఎక్కడలేని దయ పుట్టుకొచ్చినవాడిలా, "సరేలే, నేనూ వస్తాను. బండి చూడ్డం నీకేం తెలుసు?" అన్నాడు.

ఆమె సంబరపడలేదు. ముందురోజే వంటింటి గుమ్మంలోంచి అన్న గొంతు వినబడింది. "ఎలాగూ కొని తీరుతుంది. ఎనిమిది సీట్లది కొనిపిస్తాను. మన దగ్గర నేర్చుకునేవాళ్ళను లైసెన్సు పరీక్షకి తీసుకెళ్ళడానికి ఉంటుంది. దీని తిరుగుడు మోజు నెల తిరక్కుండా దిగిపోతుంది, చూస్తూ ఉండు." అది విన్నప్పుడే ఆమె తేల్చుకుంది. అన్నకు పనికొచ్చే బండి ఏదైనా సరే, అది తన బండి కాదు. ఈసారి పట్టు విడిస్తే ఇక చచ్చేదాకా ఆ వెనక సీటే గతి.

పాత బండ్లు అమ్మే ఆవరణలో బండ్లన్నీ ముక్కులు రోడ్డు వైపు పెట్టుకుని వరసగా నిలబడి ఉన్నాయి. అద్దాలు తళతళలాడుతున్నాయి గానీ చక్రాల మట్టి అలాగే ఉంది. అమ్మేవాడు నిద్రలో కూడా నవ్వుతాడేమో అన్నంత నవ్వుమొహం మనిషి.

"రండి సార్, రండి. సార్‌కి ఎలాంటిది కావాలి?"

"నాకు," అంది ఆమె.

"మేడమ్ గారికా! చాలా సంతోషం." నవ్వుమొహం మళ్ళీ అన్న వైపే తిరిగింది. "మేడమ్ గారికి ఎలాంటిది కావాలి సార్?"

అన్న తిన్నగా ఎనిమిది సీట్ల వ్యాను దగ్గరికి నడిచాడు. ముందే వచ్చి చూసి పెట్టుకున్నవాడిలా నడిచాడు. "ఇదిగో, ఇది బండంటే. వెనక సీట్లు మడిస్తే నీ మంచం. లేపితే ఆరుగురు కూర్చుంటారు. పగలు స్కూలుకి, రాత్రి నీకు."

ఆమె సీట్లు మడిపించి పడుకుని చూసింది. సీటుకీ సీటుకీ మధ్య ఇనప అంచులు పక్కటెముకల్లో పొడుచుకున్నాయి.

"గుచ్చుకుంటోంది."

"మహారాణిగారికి పట్టుపరుపులు వేయించాలా? లే, నడిపి చూడు."

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. అన్న పక్కన కూర్చున్నాడు, నవ్వుమొహం వెనక ఎక్కాడు. ఆవరణ దాటి సందు మొదట్లోకి వచ్చారో లేదో, అన్న కాలు టప్పుమని నేలకు తన్నింది. ఆ వ్యానులో ఆ కాలి కింద ఏమీ లేదు, ఉత్త రబ్బరు పట్టా. అయినా బండి కుదుపుతో ఆగిపోయింది. నవ్వుమొహం తల ముందు సీటుకు కొట్టుకుంది. సందు చివర మళ్ళీ టప్పుమంది, మళ్ళీ బండి ఆగింది.

ఎందుకు ఆగుతోందో ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది. తొక్కుతున్నది తనే. అన్న కాలు నేలకు తగలగానే, ఎవరూ చెప్పకుండానే, తన కాలు బ్రేకు మీద పడుతోంది. పదేళ్ళు వెనక కూర్చుని ఆ చప్పుడు విన్న ఒళ్ళు అది. ఈ మనిషి పక్కన కూర్చున్నంతకాలం ఏ బండిలోనైనా రెండో బ్రేకు ఉన్నట్టే, అది తన కాలే.

"చూశావా, నీకు చేతకాదు," అన్నాడు అన్న సంతోషంగా.

"ఇది వద్దు," అంది ఆమె.

నవ్వుమొహం నుదురు రుద్దుకుంటూనే నవ్వి, ఊళ్ళు తిరిగేవాళ్ళ కోసమే తయారైన పెద్ద వ్యాను చూపించాడు. పొయ్యి ఉంది, చిన్న ఫ్రిజ్ ఉంది, పువ్వుల కర్టెన్లున్నాయి. నిచ్చెనెక్కితే పైన మంచం. ఆమె ఎక్కి పడుకుంటే ముక్కుకీ పైకప్పుకీ మధ్య జానెడు కూడా లేదు. కిందికి దిగి తలుపు లోపలి వైపు చేత్తో తడిమింది.

"లోపల గడియ లేదా?"

"గడియెందుకు మేడమ్! రిమోట్ లాక్. ఇక్కడ నొక్కితే అన్ని తలుపులూ పడిపోతాయి. రెండు తాళాలిస్తాం సార్."

"రెండోది నా దగ్గర ఉంటుంది," అంటూ అన్న అందుకుని అప్పుడే చొక్కా జేబులో వేసుకున్నాడు. వేసుకుని జేబు తట్టుకున్నాడు కూడా. ఆ తట్టుడు చూశాక ఆ పువ్వుల కర్టెన్లంటేనే ఆమెకు వెగటు పుట్టింది.

"ఇదీ వద్దు."

"ఏది కావాలో చెప్పి చావు మరి! వచ్చినప్పటి నుంచీ వద్దు వద్దు. నోట్లో ఇంకో మాట లేదా?"

ఆమె వరస చివరికి నడిచింది. గోడ పక్కన ఎండలో పొట్టి వ్యాను ఒకటి ఉంది. పక్కల మీద బొమ్మ గీకేసిన మరక ఉంది. ఇంటింటికీ వెళ్ళి పెంపుడు కుక్కలకు స్నానం చేయించి జుట్టు కత్తిరించే మనిషి వాడిన బండట. చెబుతూ చెబుతూ నవ్వుమొహానికే కాస్త మొహమాటమేసింది.

తలుపు తీయగానే సబ్బు వాసన, ఆ వెనకే తడి కుక్క వాసన గుప్పున కొట్టాయి. లోపల ఒక పక్క నీళ్ళ ట్యాంకు, చిన్న సింకు. పైకప్పులో గాలి బయటికి లాగే ఫ్యాను. ఇంకో పక్క కుక్కల్ని నిలబెట్టే పొడవాటి బల్ల, రబ్బరు పరిచి ఉంది. ఆమె చెప్పులు విడిచి ఆ బల్ల మీద పడుకుంది. తల నుంచి పాదాల దాకా సరిపోయింది. తలుపుకు లోపల బొటనవేలంత లావు ఇనప గడియ ఉంది. స్నానం సగంలో కుక్కలు తలుపు తోసుకుని పారిపోకుండా పెట్టించుకున్నదట. ఆమె తలుపు లాగి, గడియ వేసింది.

చీకటి. ఇనప రేకుల వేడి. బయట ఇద్దరి మాటలూ దూరంగా ఎవరివో అన్నట్టు వినబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక తనదంటూ గడియ వేసుకున్న మొదటి తలుపు అదే. కుక్క వాసన మధ్య ఆమె అలా నిలబడి ఊపిరి పీల్చుకుంది.

అన్న తలుపు మీద దబదబ బాదాడు. "ఏం చేస్తున్నావే లోపల? తియ్యి!"

ఆమె తీసింది. తీయడం కూడా తన ఇష్టం వచ్చినప్పుడే తీసింది.

"ఇది తీసుకుంటాను," అంది.

"కుక్కలు స్నానం చేసిన బండా! నీకు మతి గానీ పోయిందా?" అన్న ముందు తలుపు తెరిచి, ఎక్కబోయి ఆగిపోయాడు. డ్రైవరు పక్కన సీటు లేదు. అక్కడ బోను పెట్టుకునేవాడట ఆ మనిషి. నేల మీద నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. "సీటేదీ?"

"అదెంత పని సార్! మా దగ్గర పడున్నది ఒకటి బిగించేస్తాం. పైసా తీసుకోం." నవ్వుమొహం చేయి ఊపగానే షెడ్డులోంచి మెకానిక్ పాత సీటొకటి నెత్తిన పెట్టుకుని వచ్చేశాడు.

"ఊఁ, పెట్టు పెట్టు," అన్నాడు అన్న.

ఆమె ఆ తలుపు దగ్గరికి వచ్చింది. మెకానిక్ సీటు రంధ్రాల మీద ఆనించి, స్పానర్ కోసం జేబులో వెతుక్కుంటున్నాడు. ఇప్పుడు గనక నోరు పెగలకపోతే నాలుగు బోల్టులతో అంతా అయిపోతుంది.

"వద్దు. తీసేయండి."

"ఊరికే ఇస్తుంటే నీకేం నొప్పి? నీ కోసమే."

"నా కోసమైతే వద్దు."

"మరి నేను ఇంటికెలా రావాలి?"

"బస్సులో."

మెకానిక్ సీటును పొట్టకు హత్తుకుని అలాగే ఉండిపోయాడు. అన్న మొహం నల్లబడింది. "అంటే నన్ను ఎక్కనివ్వకూడదనేనా ఈ కుక్కల బండి మీద మనసు పడ్డావు?"

ఇలాంటి ప్రశ్నలు అడిగినప్పుడల్లా ఆమె తలొంచుకుని గిన్నెలు సర్దుకునేది. ఇక్కడ సర్దుకోవడానికి గిన్నెలు లేవు.

"అవును," అంది.

మొదటిసారి నవ్వుమొహంలో నవ్వు పోయింది.

"ఇంత విషం కడుపులో పెట్టుకుని నా ఇంట్లో ఎన్నాళ్ళు తిన్నావే?"

"చాకిరీ చేసి తిన్నాను."

"బాగుంది! ఈ గేటు దాటితే ముందుగదిలో నీ మంచం ఉండదు. బాగా ఆలోచించుకో."

"ఆ మంచం నాదెప్పుడైంది అన్నయ్యా? దరఖాస్తుల కోసం వచ్చేవాళ్ళది."

కాగితాల మీద సంతకాలు అయ్యేంతసేపూ అన్న నీడలో నిలబడి పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు. తాళాలు రెండూ ఆమె చేతిలో పడ్డాయి. ఆమె ఎక్కి బండి తీసింది. గేటు దగ్గర ఇంజను ఒక్కసారి ఎగిరిపడి ఆగిపోయింది.

అన్న అప్పటికే కిటికీ దగ్గర ఉన్నాడు. మొహం విచ్చుకుంది. "నేను చెప్పలా? దిగు. ఇంటిదాకా నేను తోలుకొస్తాను. నువ్వే రా బస్సులో."

ఆమె అద్దం పైకెత్తింది. మళ్ళీ స్టార్టు చేసింది. అన్న బండి ముందుకు వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. వెనక ఇంకో బండి వచ్చి ఆగింది. ఆమెకు అన్నను తొక్కేస్తానేమో అనే భయం కంటే, దిగిపోతానేమో అనే భయమే ఎక్కువగా ఉంది. అరచేయి హారను మీద పెట్టి నొక్కింది. తీయలేదు. ఆవరణలో వాళ్ళంతా తిరిగి చూశారు. టీ తాగుతున్న మెకానిక్ గ్లాసు దించాడు. నలుగురూ చూస్తుంటే అన్న ఎక్కువసేపు నిలబడలేడని ఆమెకు తెలుసు. నిలబడలేకపోయాడు.

"నన్ను చంపేసేలా ఉంది!" అని అందరికీ వినబడేలా అరుస్తూ పక్కకు తప్పుకున్నాడు.

పెద్ద రోడ్డెక్కి అటూ ఇటూ బెదురుగా చూసుకుంటూ ఆమె కొంతదూరం వెళ్ళి, తిరగాల్సిన చోటు దాటిపోయి, చుట్టు తిరిగి మళ్ళీ అదే రోడ్డుకొచ్చింది. అప్పటికి అన్న బస్‌స్టాపులో ఉన్నాడు. బండిని చూసి చేయి ఎత్తాడు. ఆపమనేమో అనుకుంది. ఆమె కాలు బ్రేకు వైపు జరిగింది కూడా. పళ్ళ బిగువున దాన్ని వెనక్కి లాక్కుంది. దగ్గరికి వచ్చేసరికి ఆ చేయి ఎత్తింది అందుక్కాదని తెలిసింది. అద్దం అవతల అన్న నోరు పెద్దగా తెరుచుకుని మూసుకుంటోంది, చేయి గాల్లో ముందుకీ వెనక్కీ గుంజుతోంది. గేరు మార్చమని తిడుతున్నాడు.

నిజమే, బండి ఇందాకటి నుంచీ రెండో గేరులోనే మూలుగుతోంది.

ఆమె ఆపకుండా బస్‌స్టాపు దాటేసింది. దాటాక, అన్న ఇక కనబడడనుకున్నాక, గేరు మార్చింది. ఆయన చెప్పాడని కాదు, బండి మొత్తుకుంటోందని.