రెక్కకు దూలం

నాదర్‌గుల్ ఎయిర్‌ఫీల్డ్ శిక్షణ విమానం పొద్దున్నే మా డాబా మీదుగా పోయేది. నేను బ్రష్ నోట్లో పెట్టుకుని పైకి పరుగెత్తేవాణ్ణి. యాభై దాటాక ఈ పరుగులు బాగుండవని మా ఆవిడ అంది. అది నిజమే కాబట్టి నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే, నా విమానం నేనే కట్టుకుంటానని చెప్పేశాను.

ఎల్బీనగర్‌లో మా ఇంటి కింద కారు పెట్టుకునే చోటుంది, కారు లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో పిల్లలకు డ్రాయింగ్ పాఠాలు చెప్పి వచ్చాక సాయంత్రాలు అక్కడే బల్లలు వేసుకుని మొదటి రెక్క పని మొదలుపెట్టాను. రెక్క లోపల పొడవునా ఒక కర్ర ఉంటుంది. దాన్ని స్పార్ అంటారు. గాల్లో బరువంతా మోసేది అదే. పై వాటాలో అద్దెకుండే గుంటూరాయన మెట్లు దిగుతూ ఆగి, "వినాయకుడి మండపమా అండీ? ఇంత ముందుగానా?" అన్నాడు. విమానమని చెప్పాను. అప్పటినుంచి ఆయన నాతో గొంతు తగ్గించి, జ్వరం వచ్చినవాణ్ణి పలకరించినట్టు మాట్లాడేవాడు.

మా అమ్మ నల్గొండ పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. "ఏందిరా గిది?" అనడిగింది. స్పార్ అంటే ఆమెకు ఏం తెలుస్తుందిలే అని, "రెక్కకు దూలమమ్మా" అన్నాను. ఆ మాటే కొంప ముంచింది.

అమ్మ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూసింది. "ఇంటి దూలం ఇరిగితె కిందున్నోళ్లు పోతరు. దీని దూలం ఇరిగితె మీదున్నోడు పోతడు. నిన్ను మోస్తదని నాకు నమ్మకం కుదిరేదాంక దీన్ని గేటు దాటనియ్య" అంది. మా ఇంట్లో ఆమె మాటకు అప్పీలు లేదు.

టింబర్ డిపోలన్నీ తిరిగి ముడి లేని కట్టె తెచ్చి, అద్దంలా చిత్రిక పట్టాను. ఇక దానికి పలచటి ప్లైవుడ్ అతికించడమే తరువాయి. మర్నాడు పొద్దున జిగురు డబ్బాతో కిందికి వచ్చేసరికి వేపనూనె వాసన గుప్పుమంది. దూలం ఈ కొస నుంచి ఆ కొసకు పచ్చగా మెరుస్తోంది. మీద కుంకుమ బొట్లు, రెండు చివర్లా మామిడాకులు, కింద పగిలిన కొబ్బరికాయ.

"పసుపు రాయకుంట దూలం ఎవలన్న ఎత్తుతరా?" అంది అమ్మ. "యాపనూనె గూడ పట్టిచ్చిన. చెద పట్టది."

"నూనె తాగిన కట్టెకు జిగురు అంటదమ్మా."

"జిగురా? జిగురుతోని అతికిచ్చిన దాని మీద కూసొని మీదికి పోతవా? మేకులు దొరకలేదా?"

నేను అరిచిన అరుపుకు గుంటూరాయన కిటికీ మూసుకున్నాడు. ఆ రోజు అన్నం దగ్గర అమ్మ మా ఆవిడతో, "నీ మొగణ్ని అడుగు, చారు కావాల్నో జిగురు కావాల్నో" అంది.

ఆశ చావక, దూలం కొస కోసి దానికి ప్లైవుడ్ ముక్క అతికించి చూశాను. ఆరాక ఉలి పెట్టగానే ఉడికిన ఆలుగడ్డ పొట్టులా ఊడి వచ్చింది. ఆ దూలాన్ని పెరట్లో బీరపాదు పందిరికి వేశాను. న్యాయంగా చెప్పాలంటే, దానికి ఇప్పటికీ చెద పట్టలేదు.

రెండో దూలం దగ్గరికి అమ్మను రానివ్వలేదు. అతికించి, వార్నిష్ ఆరాక నేనే పిలిచి పసుపు రాయమన్నాను. రాసింది, బొట్లు మాత్రం ఈసారి దగ్గర దగ్గరగా పెట్టింది. తర్వాత దాన్ని నడుమెత్తు స్టాండ్ల మీద పెట్టి, మధ్యలో ఇసుక బస్తాలు ఎత్తాను. గుంటూరాయన కూడా ఒక చెయ్యి వేశాడు. దూలం కాస్త వంగింది, అంతే. "మోస్తోందండీ!" అన్నాడాయన, చాలాకాలానికి మామూలు గొంతుతో.

"నమ్మకం కుదిరిందా?" అన్నాను అమ్మతో.

"ఇసుకకు పానముంటదా? బస్తాలు తియ్యి, నేను కూసుంట."

ఎవరూ ఆపలేకపోయాం. ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, చీర కుచ్చిళ్లు సర్దుకుని దూలం నడిమధ్య కూర్చుంది. కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. ఆ ఇసుకలో సగం బరువు కూడా లేదామె. లెక్క నాకు బాగా తెలుసు. అయినా నా రెండు చేతులూ ఆమె కింద చాపుకుని నిలబడ్డాను.

"ఇగ దిగమ్మా."

"ఏం, మోయదా?"

"మోస్తది."

"మరి గట్ల వణుకుతున్నవేంది?"

అమ్మ నా భుజం పట్టుకుని నెమ్మదిగా దిగింది.

"మోస్తదని నాకూ ఎరుకే కొడుకా" అంది. "పో, రెండో రెక్క మొదలువెట్టు."