వెలుగు పడితే వెలిసిపోయే రాయి

గుంటూరులో డిగ్రీ కాలేజీ పిల్లలకు జియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో గోడ బీరువాలన్నీ రాళ్లే. మా ఆవిడ బడిపంతులమ్మ. ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ రాళ్లు దులుపుతూ నన్నూ దులిపేది. ఇన్ని కొండలు తిరిగి తెచ్చినవన్నీ బూడిద రంగువేనా అని దెప్పేది. రంగు రాయి ఒకటుంది, గులాబీ రంగు, కానీ పగలగొట్టిన క్షణాన పక్కనే ఉండి చూడాలి, తర్వాత ఉండదు అనేవాణ్ణి. ఒక్క ముక్క నమ్మేది కాదు. "చూపించండి, అప్పుడు చూద్దాం" అనేది. చూపించేలోపే, రెండేళ్ల కిందట, పోయింది.

నేను చెప్పింది కోతలు కాదు. దాని పేరు హాక్‌మనైట్. భూమి లోపల కరిగిన రాతిలో సిలికా చాలకపోతే పలుగురాయి ఏర్పడదు. ఉప్పులో ఉండే సోడియం, క్లోరిన్ అక్కడ సోడలైట్ అనే ఖనిజంలో చేరతాయి. అందులో కాస్త గంధకం కలిస్తే ఈ వింత రంగు వస్తుంది. పగటి వెలుగు తగిలితే నిమిషాల్లో వెలిసిపోతుంది. చీకట్లో చాలాకాలం ఉంచితే మళ్లీ వస్తుంది. అద్దంకి వైపు నల్లరేగడి చేల మధ్య ఉన్న గుట్టల్లో సిలికా తక్కువ రాళ్లున్నాయి. అక్కడ హాక్‌మనైట్ ఉందని నేనెక్కడా చదవలేదు. లేదని రాయికి మాత్రం ఎవరు చెప్పారు?

మొన్న మిరపకోతల రోజుల్లో అది దొరికింది. రైతులు దున్నినప్పుడు తగిలిన రాళ్లను గట్టు మీదికి విసిరేస్తారు. ఆ కుప్పలో ఒకదాన్ని సుత్తితో కొట్టాను. లోపల ఎర్రజామ రంగు. పక్కకు తిరిగి "ఇదిగో" అన్నాను. పక్కన ఎవరూ లేరు. దూరంగా కూలీలు కాయలు కోసుకుంటున్నారు. మళ్లీ ఇటు తిరిగేసరికి రంగు సగం పోయింది.

ఇంటికొచ్చి పరీక్షలు చేశాను. చాకుతో గీస్తే గీత సరిగా పడలేదు. పొడి చేసి పలచని ఆమ్లం పోస్తే బుడగలు రాలేదు, ఆరేటప్పటికి గంజిలా జిగురు కట్టింది. అతినీలలోహిత దీపం కింద నారింజ రంగులో వెలిగింది. సందేహం లేదు, అదే. ఇంత సంతోషం పెట్టుకుని ఒక్కణ్ణే వంటింట్లో నిలబడి నిన్నటి అన్నంలో మజ్జిగ కలుపుకున్నాను.

ఈస్టర్ నాడు మా వాళ్లమంతా చీకటితోనే సమాధుల తోటకు వెళతాం. ముందురోజే సున్నం వేసి ఉంచిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పాటలు పాడతాం. నేను పూలతో పాటు పగలగొట్టని ముక్కొకటి, సుత్తీ తీసుకెళ్లాను. చూపిస్తానన్న మాట అక్కడైనా చెల్లించుకోవాలనిపించింది. మా ఆవిడ సమాధి పక్కన కూర్చుని రాయి కొట్టాను. కొవ్వొత్తి వెలుగులో గులాబీ రంగు విచ్చుకుంది. మా మరదలు నాలుగు వరసల అవతల వాళ్ల అమ్మానాన్నల సమాధి దగ్గర పాడుతోంది. త్వరగా రమ్మని కేకేశాను. పాట అయ్యాక వస్తానని చెయ్యి ఊపింది. చరణం తర్వాత చరణం, ఆ పాటకు అంతే లేదు. తూర్పు తెల్లబడింది, పొద్దు పొడిచింది. ఆమె వచ్చేసరికి నా అరచేతిలో ఉన్నది తెల్లరాయి.

ఇంతకుముందు గులాబీ రంగులో ఉందన్నాను. గంధకం సంగతి, వెలుగు సంగతి గబగబా చెప్పాను. ఆమె రాయిని చూడలేదు, నా మొహమే చూసింది. మెల్లగా నా చేతిలోంచి సుత్తి తీసుకుంది.

"నమ్ముతానండీ బావగారూ. రండి, మా ఇంట్లో టిఫిన్ చేద్దురుగాని."

ఎంతో ప్రేమగానే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. వాళ్లక్క అయితే నమ్మేదా? పాట మధ్యలో ఆపి, చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, నా అబద్ధం పట్టుకోవడానికి పరుగెత్తుకొచ్చేది. వచ్చి చూసేది. చుట్టూ అందరూ ప్రభువు లేచాడంటూ చేతులు కలుపుతున్నారు. నేను రాయిని జేబులో వేసుకుని, అందరి ముందూ, వెక్కివెక్కి ఏడ్చాను.